ఇటలీ కొండపల్లెల్లో రద్దీ లేని సైకిలు దారి కావాలి: తొమ్మిది రోజులు, ఇద్దరం

అనంతగిరి_వాలు:

నమస్కారం. నేనూ మా ఆవిడా సెప్టెంబరు చివర్లో ఇటలీ వెళ్తున్నాం. వీసా వచ్చింది, రోముకు విమానం టికెట్లు కూడా తీసేశాం. వెనక్కి తగ్గే దారి మూసుకుపోయింది కాబట్టి ముందుకు వెళ్ళే దారి అడుగుతున్నాను.

చేతిలో ఉన్నవి తొమ్మిది రోజులు. కొండలు, ద్రాక్షతోటలు, రాతి ఇళ్ళ పల్లెలు, వాటి మధ్య సైకిళ్ళ మీద నిదానంగా తిరగాలని కోరిక. ఇద్దరికీ నలభై దాటాయి. రెండు వారాలకొకసారి సైకిళ్ళు కారుకు కట్టుకుని వికారాబాద్ దాకా వెళ్ళి, అనంతగిరి ఎక్కి దిగి వస్తాం. చదును రోడ్డు మీద 80 కిలోమీటర్లు తొక్కిన రోజులు కూడా ఉన్నాయి. ఆ ధైర్యంతో రోజుకు 75 చొప్పున లెక్క వేసి ఫ్లోరెన్సు నుంచి రోము దాకా మ్యాపు మీద ఒక గీత గీశాను. అది చాలా దూరం కాసియా అనే రోడ్డు వెంట పోతోంది.

మా ఆవిడ షరతు ఒక్కటే. వెనక లారీ హారను మోగితే ఆమెకు హ్యాండిలు మీద చేతులు బిగుసుకుపోతాయి. కొండ ఎంత ఎత్తున్నా ఫరవాలేదు, రోడ్డు మాత్రం ప్రశాంతంగా ఉండాలంటోంది. పైగా ఇద్దరం శాకాహారులం.

తెలిసినవాళ్ళు చెప్పండి. టస్కనీయే మంచిదా, ఇంకో ప్రాంతం మేలా? తెల్ల మట్టి రోడ్లని అందరూ తెగ పొగుడుతున్నారు, 32 మిల్లీమీటర్ల టైర్లతో వాటి మీద వెళ్ళవచ్చా? సైకిళ్ళు ఇక్కడి నుంచి మోసుకెళ్ళాలా, అక్కడే అద్దెకు తీసుకోవాలా?

స్కాందిచ్చి_అక్క:

ముందు ఆ గీత చెరిపేయండి తమ్ముడూ.

నేను ఫ్లోరెన్సు పక్కన స్కాందిచ్చిలో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాను. మావారిది తోలు సంచుల పని, నాది లెక్కలు రాసే పని. తెనాలిలో హైస్కూలుకు తొక్కిన సైకిలు తర్వాత మళ్ళీ సైకిలెక్కింది ఇక్కడే, నలభయ్యో ఏట. అందుకని నిపుణురాలినని చెప్పుకోను. ఈ కొండల్లో ఎక్కడెక్కడ దిగి తోసుకుంటూ నడిచానో ఆ లెక్క మాత్రం నా దగ్గర పక్కాగా ఉంది.

మీ లెక్కలో తప్పు కిలోమీటర్ల దగ్గర వచ్చింది. ఇక్కడ చూసుకోవలసింది ఎక్కే మీటర్లు. ఈ వైపు పాత ఊళ్ళు దాదాపు అన్నీ కొండ నెత్తిన ఉంటాయి. పల్లపు నేలల్లో ఒకప్పుడు మలేరియా, దానికి తోడు శత్రుభయం, అందుకని జనం మెరకకు చేరి గోడలు కట్టుకున్నారు. వాళ్ళు తెలివిగానే చేశారు, అనుభవిస్తున్నది మనం. కాఫీ తాగాలంటే ఊళ్ళోకి ఎక్కాలి, తాగి దిగాలి, భోజనానికి ఇంకో ఊళ్ళోకి ఎక్కాలి. మీ అనంతగిరి ఒకసారి ఎక్కితే ఆ పూటకు అయిపోతుంది. ఇక్కడ 45, 50 కిలోమీటర్ల దూరానికే మొత్తం ఎక్కుడు 900 మీటర్లు తేలుతుంది, అదీ సంచుల బరువుతో. రోజుకు 50 దాటి పెట్టుకోకండి. మిగిలిపోయిన సాయంత్రాన్ని ఏం చేయాలో ఆ ఊరే చెబుతుంది.

ఇక కాసియా. రోమన్ల నాటి దారి, వినడానికి గొప్పగానే ఉంటుంది. ఈనాడు అది ఎస్‌ఎస్ 2, లారీలు పోయే రోడ్డు. మీ ఆవిడను దాని మీదికి తీసుకెళ్తే తిరుగు టికెట్టు ముందుకు జరుపుకోవలసి వస్తుంది. ఏ ప్రాంతం ప్రశాంతం అని అడిగారు గానీ, ఇక్కడ ప్రశాంతత రోడ్డు తరగతిని బట్టి, వేళను బట్టి ఉంటుంది. మ్యాపులో ఎస్‌ఎస్ అంటే పెద్ద రోడ్డు, ఎస్‌పీ అంటే జిల్లా రోడ్డు. ఎస్‌పీలు చాలావరకు మంచివే, అయితే పేరు మోసినవాటితో జాగ్రత్త. కియాంతి కొండల మధ్య నుంచి పోయే 222 నంబరు రోడ్డు ఎంత అందమైనదో, ఆదివారం పూట మోటారు సైకిళ్ళతో అంత గోల. ఫ్లోరెన్సుకూ సియెనాకూ మధ్య ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీదికి సైకిళ్ళను రానివ్వరు, పొరపాటున కూడా ఎక్కకండి.

వేళ సంగతి మా వీధిలో కూరగాయలమ్మే ముసలాయన చెప్పాడు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా పల్లెల్లో జనమంతా భోజనాల దగ్గర ఉంటారు. ఆ రెండున్నర గంటలు రోడ్డు మీదే. సెప్టెంబరు చివర్లో ఎండ అంత బాధించదు. మేం రొట్టే టమాటాలూ పదకొండుకే కొని సంచిలో పెట్టుకుంటాం, అందరూ కంచాల ముందు కూర్చున్నప్పుడు మేం తొక్కుతాం. ఒకసారి అషానో వైపు గంటన్నరలో మాకు ఎదురైనవి మూడు వాహనాలు, అందులో ఒకటి పోస్టు బండి. ఆ సమయంలో దుకాణాలు కూడా మూసేస్తారు, కాబట్టి నీళ్ళ సీసాలు ముందే నింపుకోండి. ఎక్కడా నీళ్ళు దొరక్కపోతే శ్మశానం వెతకండి. ఏ పల్లె శ్మశానంలోనైనా పూల కుండీలకు నీళ్ళు పోయడానికి కుళాయి ఉంటుంది. మొదటిసారి నాకూ అదోలా అనిపించింది, రెండోసారి దాహం గెలిచింది. ‘నోన్ పొతాబిలె’ అని రాసి ఉంటే మాత్రం తాగకండి.

ఇప్పుడు దారి. రోములో దిగి ప్రాంతీయ రైలెక్కి కియూసిలో మారితే సియెనా చేరతారు. వేగం రైళ్ళలో సైకిలు విప్పి సంచిలో పెట్టాలి. ప్రాంతీయ రైళ్ళలో సైకిలు గుర్తున్న పెట్టెలో అలాగే ఎక్కించవచ్చు, సైకిలుకు 3.50 యూరోల టికెట్టు. సియెనా స్టేషను పల్లంలో, ఊరు పైన. ఎదురుగా ఉన్న అంగళ్ళ భవనంలోంచి పైదాకా వరసగా కదిలే మెట్లున్నాయి. మొదటి రోజే గొప్పకు పోయి తొక్కకండి.

సియెనా నుంచి అషానోకు ఎస్‌పీ 438, లౌరెతానా అంటారు. తారు రోడ్డే. పాతిక కిలోమీటర్ల పైచిలుకు, కొండల వెన్నెముక మీద సాగుతుంది, రెండు వైపులా నేల కిందికి జారిపోతుంటుంది. నన్నడిగితే మొత్తం టస్కనీలో ఇంతకన్నా మంచి రోడ్డు లేదు. ఫోటోల్లో చూసిన పచ్చటి కొండల కోసం మాత్రం వెతక్కండి, అవి ఏప్రిల్, మే నెలల ఫోటోలు. మీరు వెళ్ళే నాటికి పైరు కోసి, నేల దున్నేసి ఉంటుంది. బూడిద రంగు పెళ్ళలు, మధ్యలో ఒంటరిగా ఒక సైప్రస్ చెట్టు. నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. మావారికి మాత్రం నేల నెత్తిన గుండు కొట్టించుకున్నట్టు ఉంటుందట.

ఆ నేలను క్రేతె సెనేజి అంటారు. క్రేతా అంటే బంకమట్టి. దాని సంగతి నాకు తెలిసిన విధం చెబుతాను, మీ టైర్ల ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

అషానో దగ్గర మొంతె సాంతె మరీయె అని పదకొండున్నర కిలోమీటర్ల తెల్ల రోడ్డు ఉంది. 2007లో మొదలై, ఇప్పుడు మార్చి నెలలో జరిగే స్ట్రాదె బియాంకె సైకిలు పందెంలో పెద్ద పెద్దవాళ్ళు తొక్కేది ఆ రోడ్డునే. ఒక అక్టోబరులో నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ముందు రాత్రి వాన కురిసింది. పొద్దున్నే ఎండ కాసింది కదా అని బయలుదేరాను. రెండు కిలోమీటర్లు బాగానే సాగింది. తర్వాత ట్రాక్టర్లు తొక్కిన పల్లం ఒకటి వచ్చింది, అక్కడ ముందు చక్రం బరువెక్కడం మొదలైంది. గాలి పోయిందేమోనని దిగి చూస్తే అసలు టైరే కనపడలేదు. దాని చుట్టూ బూడిద రంగు మట్టి రొట్టెలా పట్టేసి, మడ్‌గార్డు సందు పూర్తిగా పూడిపోయింది. పది అడుగులు తోశాను. చక్రం తిరగడం మానేసి జారడం మొదలుపెట్టింది. మా ఊరి చుట్టుపక్కల పొలాల్లో నల్లరేగడి వానాకాలం చెప్పుల్ని ఎలా పట్టుకుంటుందో అచ్చం అదే, రంగు ఒక్కటే తేడా. చెప్పులైతే చేత్తో పట్టుకుని నడవవచ్చు, పద్దెనిమిది కిలోల సైకిలును ఏం చేస్తాం? టైరు విప్పే ప్లాస్టిక్ పుల్లతో నలభై నిమిషాలు గీకాను. బ్రేకుల దగ్గర ఎండిన మట్టి కుండ పెంకుల్లా ఊడి వచ్చింది. చివరికి ఒక రైతు తన ఇంటి ముందు నీళ్ళ పైపు పట్టి చక్రాలు కడిగిపెట్టాడు. ఆయన నాతో అన్నది ఒక్కటే మాట, ‘దొమానీ’. రేపు అని. రేపు రావలసింది అని ఆయన భావం. ఆ మాట ఇప్పటికీ మా ఇంట్లో చెలామణిలో ఉంది.

కాబట్టి వాన పడితే ఒక రోజు ఆగండి, లేదా తారు రోడ్డు మీదే ఉండండి. ఎండి ఉంటే తెల్ల రోడ్డు అడుగున గట్టిగా, పైన గుల్ల కంకరతో ఉంటుంది. 32 టైర్లతో వెళ్ళవచ్చు గానీ సంచులతో అయితే చేతులు తిమ్మిరెక్కుతాయి. 38 లేదా 40 పట్టేట్టయితే అవే వేయించండి. నిటారుగా ఎక్కే చోట సీటు మీంచి లేవకండి, లేస్తే వెనక చక్రం గిర్రున ఉన్నచోటే తిరుగుతుంది. దిగేటప్పుడు వెనక బ్రేకును ముందు నుంచే కొద్దికొద్దిగా పట్టండి.

అసలు ఈ రోడ్లు తారు పడకుండా మిగిలాయంటే దానికో కథ ఉంది. 1997లో గయోలె అనే చిన్న ఊళ్ళో కొందరు, తెల్ల రోడ్లు ఒక్కొక్కటే తారు కిందికి పోతుంటే చూడలేక, పాత సైకిళ్ళతో వాటి మీద ఒక సవారీ మొదలుపెట్టారు. ఎరోయికా అంటారు. 1987కు ముందు తయారైన సైకిళ్ళకే ప్రవేశం. ఆ 209 కిలోమీటర్ల దారికి గోధుమ రంగు బోర్డులు పెట్టారు, ఏడాది పొడుగునా ఎవరైనా వెళ్ళవచ్చు. మీరు ముక్కలు ముక్కలుగా దాన్నే వాడుకుంటారు. అక్టోబరు మొదటి ఆదివారం మాత్రం ఆ చుట్టుపక్కల గది దొరకడం కష్టం.

అషానో తర్వాత మొంతె ఒలివేతో మజ్జోరె మఠం, బువోన్‌కొన్వెంతో, ఇవన్నీ సులువే. బువోన్‌కొన్వెంతో నుంచి మొంతల్చీనోకు దాదాపు 400 మీటర్లు ఏకబిగిన ఎక్కుడు, ఆ రోజుకు ఇంకేమీ పెట్టుకోకండి. మర్నాడు తొర్రెనియేరి వైపు దిగి, పాత కాసియా మీదుగా సాన్ క్వీరికో చేరండి. కొత్త రోడ్డు వేశాక ఆ ముక్క ఖాళీ అయింది. అక్కడి నుంచి బాన్యో విన్యోని తప్పకుండా వెళ్ళాలి. ఊరి నడిబొడ్డున ఉండవలసిన కూడలి బదులు వేడినీళ్ళ కోనేరు ఉంటుంది. అందులో దిగనివ్వరు. దాని నీళ్ళు ఊరి చివర బండరాళ్ళలో తవ్విన కాలువల్లోంచి పారి లోయలోకి దూకుతాయి. అక్కడ బూట్లు విప్పి కాళ్ళు పెట్టుకుని కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు.

పియెన్‌జా, మొంతెపుల్చానో మధ్య ఎస్‌పీ 146 మీద పర్యాటకుల కార్లు ఉంటాయి. ఉదయం ఎనిమిది లోపల దాటేయండి, లేదా మొంతికియెల్లో మీదుగా చుట్టు తిరిగి వెళ్ళండి. అక్కడి సైప్రస్ చెట్ల మెలికల రోడ్డు దగ్గర కార్లవాళ్ళు ఫోటోల కోసం ఉన్నపళంగా ఆగిపోతారు, వెనకే వెళ్ళకండి.

మొంతెపుల్చానో దాటాక కొండలకు కాసేపు సెలవు. కింద కియానా లోయలో కాలువ గట్టు మీద అరెత్సో నుంచి కియూసి దాకా 62 కిలోమీటర్ల సైకిలు బాట ఉంది. మీకు కావలసింది దాని దక్షిణపు చివర, రెండు చెరువుల పక్క నుంచి పోయే భాగం. ఆ లోయంతా ఒకప్పుడు ఊబి. లియొనార్డో దా విన్చీ దాని పటం గీశాడు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఫొస్సొంబ్రోనీ అనే ఇంజనీరు వరద నీటిలోని ఒండ్రునే పల్లాల్లో నింపి నేలను పైకి లేపాడు. ఆ శతాబ్దాల పనిలో నది తన దిక్కే మార్చుకుంది. దక్షిణాన తీబరులో కలిసేది, ఇప్పుడు ఉత్తరాన ఆర్నోలోకి పోతుంది. మనకు ఆ బాట మీద అవేవీ కనపడవు. కనపడేది గట్టు, నీళ్ళు, కొంగలు. తెనాలి కాలువ గట్ల మీద పెరిగినదాన్ని, అక్కడికి వెళ్ళగానే కడుపులో చల్ల కదలకుండా తొక్కుతాను. వెళ్ళిన ప్రతిసారీ మూడేళ్ళ వయసు తగ్గి వస్తానని మావారి వాదన.

కియూసి నుంచి త్రాసిమేనో సరస్సు దగ్గర. సరస్సు చుట్టూ ఒక రోజు తిరిగి, పస్సిన్యానోలో సైకిళ్ళు రైలెక్కించి అస్సీసిలో దిగండి. పెరూజా నగరం రద్దీని తొక్కి గెలవనక్కర్లేదు. అస్సీసి నుంచి బెవాన్యా మీదుగా స్పొలేతో దాకా సుమారు యాభై కిలోమీటర్లు చదును సైకిలు బాట. అక్కడ ముగించి రోముకు రైలెక్కండి.

సైకిళ్ళు మీవే తెచ్చుకోండి. మా ఆడపడుచు వచ్చినప్పుడు ఒక కొండ ఊళ్ళో అద్దెకు తీసుకున్నాం. చిన్న గేర్లు ఉన్నాయని ఫోనులో మూడుసార్లు చెప్పారు. తీరా చూస్తే వెనక అతి పెద్ద పళ్ళచక్రానికి ఉన్నవి 28 పళ్ళే. ఆవిడ రెండో రోజు నుంచి సగం ఇటలీ నడిచే చూసింది, ఆ తప్పు నాదేనని ఇప్పటికీ అంటుంది. మీ సైకిళ్ళకు ముందు 34 పళ్ళు, వెనక కనీసం 34 పళ్ళు ఉండేలా మార్పించండి. వెనక ఇంకా పెద్దదైతే ఇంకా మంచిది. ఈ ఒక్క ఖర్చుకు వెనకాడకండి.

మ్యూనిక్_పెడలు:

అక్క గారు చెప్పింది బంగారంలాంటి దారి. అయినా ఎవరో ఒకరు అడ్డం మాట్లాడాలి కదా. అందరూ టస్కనీ వెళ్తే మార్కె ప్రాంతానికి ఎవరు వెళ్తారు?

నేను మ్యూనిక్‌లో ఉంటాను. రెండు వేసవులు సైకిలుతో మార్కెలో తిరిగాను. అపెన్నీన్ కొండల నుంచి అడ్రియాటిక్ సముద్రానికి నదులు పక్కపక్కనే దువ్వెన పళ్ళలా దిగుతాయి. వాటి మధ్య కొండ వరుసలు, వరుసల మీద ఊళ్ళు. ఆ పళ్ళ వెంట వెళ్తే హాయి. దువ్వెనకు అడ్డంగా, ఒక లోయ నుంచి ఇంకో లోయకు దాటితే మాత్రం కాళ్ళు పీకేస్తాయి. మొదటి వేసవి నేను అడ్డంగానే వెళ్ళాను. ఊరి పేర్లు చెప్పను, ఒక రోడ్డు మీద పదిహేను శాతం వాలు బోర్డు చూసి ఆ బోర్డుకే ఆనుకుని కూర్చున్నాను. పర్యాటకుల కార్లు టస్కనీతో పోలిస్తే చాలా తక్కువ. ఉర్బీనో, మచెరాతా, రెకనాతి, ఏ ఊరూ దేనికీ తీసిపోదు. ఎంత అలసినా కిందికి జారితే సముద్రం, సముద్రం పక్కనే రైలు స్టేషను. లోపలి కొండ ఊళ్ళలో 2016 భూకంపం దెబ్బలు ఇంకా కనిపిస్తాయి, బస ముందే మాట్లాడుకోండి.

స్కాందిచ్చి_అక్క:

మార్కె బాగుంటుంది, కాదనను. కానీ మొదటిసారి వచ్చేవాళ్ళను దువ్వెనకు అడ్డంగా తిప్పితే వాళ్ళ జుట్టు చేతికొస్తుంది. రెండోసారికి ఉంచుకోండి తమ్ముడూ.

కందిపొడి_డబ్బా:

తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు, అసలు కష్టం అక్కడే ఉంది. నేను పెరూజాలో చదువుకున్నాను, శాకాహారిని.

సియెనా వైపు పీచి అని చేత్తో నులిమిన లావు సేమియా ఉంటుంది. ‘అల్లల్యోనె’ అని అడగండి, టమాటా వెల్లుల్లి గుజ్జుతో ఇస్తారు. కియానా లోయలో పండే ఆ వెల్లుల్లి రెబ్బ మన గుత్తివంకాయలో వంకాయంత ఉంటుంది, ఘాటు తక్కువ. రిబొల్లీతా అనే చారులో బీన్సు, ఆకుకూర, నిలవ రొట్టె ఉంటాయి, మాంసం ఎముకలతో కాచారేమో కనుక్కుని తినండి. జున్ను విషయం మీ పట్టుదల మీద ఆధారపడి ఉంటుంది. పార్మిజానోలో ఎప్పుడూ, పెకొరీనోలో చాలావరకు, పాలు విరవడానికి పశువుల పొట్ట నుంచి తీసిన పదార్థం వాడతారు. అది వద్దనుకుంటే ‘కాల్యో వెజెతాలె’ అని రాసి ఉన్నవి చూడండి. టస్కనీ రొట్టెలో ఉప్పు ఉండదు. మొదటి రోజు విసుగొచ్చింది, రెండో రోజు దాని మీద కందిపొడీ ఆలివ్ నూనే కలిపి రాసుకున్నాను, ఇంక విసుగన్న మాటే లేదు. అస్సీసి, స్పొలేతో ఉన్న ఉంబ్రియా ప్రాంతంలో కాస్తెల్లూచ్చో పప్పు అడగండి, చిన్న గింజ, పొట్టుతోనే వండుతారు, ఇంటి భోజనం చేసినట్టుంటుంది. రాత్రి ఏడున్నరకు ముందు ఏ వంటిల్లూ తెరవదు, సంచిలో ఏదో ఒకటి ఉంచుకోండి.

పాత_పట్టాలు:

స్పొలేతోలో ముగించమన్నారు. ఒక రోజు మిగిలితే అక్కడ ఆగండి. అక్కడి నుంచి నోర్చా అనే ఊరి దాకా 1926లో వేసిన చిన్న పట్టాల రైలు మార్గం 51 కిలోమీటర్లు ఉండేది, 1968లో మూసేశారు. పట్టాలు తీసేసి బాట చేశారు. మొత్తం 19 సొరంగాలు. స్పొలేతో వైపు నుంచి ఎక్కితే కొండ నడుమన సుమారు రెండు కిలోమీటర్ల సొరంగం వస్తుంది. బయట చెమటలు కారుతుంటే లోపల చలి, చీకటి, పైనుంచి చుక్క చుక్క నీళ్ళు. మధ్యలో లైటు ఆపి చూశాను, కళ్ళు తెరిచినా మూసినా తేడా లేదు. రైలు కోసం వేసిన దారి కాబట్టి వాలు ఎక్కడా నాలుగున్నర శాతం మించదు. అవతల లోయలోకి దిగేటప్పుడు దారి మీ కిందే గుండ్రంగా తిరుగుతూ కనపడుతుంది. మంచి లైటు, ఒక స్వెటరు ఉండాలి. సొరంగం తెరిచి ఉందో లేదో ముందు రోజు స్పొలేతోలో కనుక్కోండి.

అనంతగిరి_వాలు:

అందరికీ కృతజ్ఞతలు. గీత చెరిపేశాను. అక్క చెప్పిన దారినే రోజుకు 45 లెక్కన వేశాను, రెండు రోజులు వానకు వదిలేశాను. నిన్న వెనక గేరు 36 పళ్ళది వేయించాను. మా ఆవిడ మీ జవాబులన్నీ చదివి రెండే ప్రశ్నలు అడిగింది. అక్కడి కారువాళ్ళు సైకిలును ఎలా చూస్తారు? కుక్కలుంటాయా?

స్కాందిచ్చి_అక్క:

రెండూ మంచి ప్రశ్నలే. ఇలాంటివి మగవాళ్ళకు తోచవు.

పల్లె రోడ్ల మీద కారువాళ్ళు గుడ్డి మలుపు ముందు ఒకసారి చిన్నగా హారను కొడతారు, అది తిట్టు కాదు, వస్తున్నాననే కబురు. ఆమెకు ముందే చెప్పి ఉంచండి. రోడ్డు వీలిస్తే సైకిలుకు మీటరున్నర ఎడం ఇచ్చి దాటాలని 2024 డిసెంబరు నుంచి చట్టం కూడా ఉంది. ఊరి బయట చీకటి పడ్డాకా, సొరంగాల్లోనూ మెరిసే చొక్కా తప్పనిసరి. దాన్ని పగలు కూడా వేసుకోండి, ఎందుకంటే సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి వేట మొదలవుతుంది. పొద్దున్నే తుపాకీ శబ్దం వినిపిస్తే భయపడకండి, వాళ్ళ గురి ఎక్కువగా పక్షుల మీద. మంగళ, శుక్రవారాల్లో వేట ఉండదు, కాబట్టి అడవి పక్కన పోయే రోజుల్ని ఆ వారాల్లో పెట్టుకోండి.

ఊరి కుక్కలు గొలుసు మీదే మొరుగుతాయి. చూసుకోవలసినవి గొర్రెల మంద దగ్గర ఉండే తెల్లటి పెద్ద కుక్కలు. మందకు కాపలా వాటి వృత్తి, మన మీద పగేమీ లేదు. సైకిలు దిగి, దాన్ని మీకూ కుక్కకూ మధ్య ఉంచి, మందను చీల్చకుండా నిదానంగా నడవండి. కాపరి ఉంటే ఒక్క కేక వేస్తాడు, అంతే.

అస్సీసి చేరిన రోజు ఒక మనిషిని తలుచుకోండి. మా స్కాందిచ్చికి అవతల పొంతె ఆ ఎమా అని చిన్న ఊరుంది, జీనో బార్తలి పుట్టింది అక్కడే. 1938లో, మళ్ళీ పదేళ్ళకు 1948లో టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెం గెలిచినవాడు. యుద్ధ కాలంలో సాధన చేస్తున్నట్టు నటిస్తూ, యూదుల కోసం తయారు చేసే దొంగ గుర్తింపు పత్రాలను సైకిలు గొట్టాల్లో దాచి, ఫ్లోరెన్సుకూ అస్సీసికీ మధ్య తిరిగేవాడు. బతికున్నన్నాళ్ళూ దాని గురించి పెద్దగా మాట్లాడలేదు. ఆయన పోయిన పదమూడేళ్ళకు, 2013లో ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ సంస్థ ఆ పనికి గౌరవం ఇచ్చింది. మీకు నేను ఆరేడు రోజులకు పరిచిన దూరాన్ని ఆయన ఒక్క రోజులో తొక్కేవాడు, అదీ ఇప్పటి గేర్లు లేకుండా. మొంతల్చీనో ఎక్కేటప్పుడు మాత్రం ఈ సంగతి మీ ఆవిడకు చెప్పకండి, ఆ సమయంలో ఎవరికీ వినబుద్ధి కాదు.

ఇంకొక్కటి మరిచాను. మీ సైకిళ్ళకు సరిపోయే బ్రేకు ప్యాడ్లు రెండు జతలు అదనంగా తెచ్చుకోండి. తెల్ల దుమ్ము వాటిని తినేస్తుంది, ఆ పల్లెల్లో మీ రకం దొరకదు. దొరికినా ఒంటిగంట దాటితే కొట్టు మూసి ఉంటుంది.

అనంతగిరి_వాలు:

ప్యాడ్లు రాసుకున్నాను. కందిపొడి ఎంత తేవాలన్నది మా ఆవిడే తేల్చేసింది, అరకిలో.

కందిపొడి_డబ్బా:

తొమ్మిది రోజులకు ఇద్దరికి అరకిలోనా? కిలో తెచ్చుకోండి. ఉప్పు లేని రొట్టెను మీరింకా చూడలేదు.